అయిదో పిల్లరు

కొత్త వార్డు మీద పెట్టిన రెండు నీళ్ల ట్యాంకుల్నీ మొదటిసారి నింపింది గురువారం ఉదయం. మోటారు వేసిన మూడు గంటలకు రెండో ట్యాంకు అంచు మీంచి నీళ్లు పొర్లాయి. కింద నిలబడి చూస్తున్న పాస్టరు గారు చప్పట్లు కొట్టారు. ఆయన వెంట సముద్రం దాటి వచ్చిన సంఘం వాళ్లూ కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టాల్సినవాడు మాత్రం అక్కడ లేడు. ఆ కట్టడాన్ని పునాది నుంచి పైకి లేపిన మేస్త్రి వార్డు లోపల, నడిమధ్య ఉన్న పిల్లరు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

మోకాలెత్తున, ప్లాస్టరు మీద, వెంట్రుక మందాన ఒక గీత కనబడుతోంది. పొద్దున అతను చూసినప్పుడు అది లేదు.

ఈ మేస్త్రికి ఇరవై రెండేళ్ల పనితనం ఉంది. తాపీ పట్టాడంటే గోడ అద్దంలా వస్తుందని పేరు. పాస్టరు గారు అతనికి సొంత బావ, అక్క మొగుడు. అక్క నొచ్చుకుంటుందని ఆదివారం ఆదివారం చర్చికి వెళ్లి చివరి వరసలో కూర్చుని వచ్చేవాడే గాని, భక్తి అతనికి అంతగా ఒంటబట్టలేదు. ఈ దేశంలో ముప్ఫై ఏళ్లుగా చిన్న ఆసుపత్రి నడుపుతున్న మన సిస్టరమ్మకు కాన్పుల వార్డు కట్టిద్దామని సంఘం తీర్మానించినప్పుడు అక్కే వచ్చి అడిగింది. "మిగతావాళ్లకి పార పట్టుకోవడం కూడా రాదురా. నువ్వు వెళ్లకపోతే మీ బావ పరువు పోతుంది." సరే అన్నాడు.

సాగనంపే రోజున అతన్ని వేదిక ఎక్కించి, తల మీద చేతులుంచి ప్రార్థించారు. ఎప్పుడూ పలకరించని పెద్దలు "బ్రదర్" అంటూ చెయ్యి కలిపారు. ఆ రోజు నుంచి మేస్త్రి మనసు గాల్లో తేలుతూనే ఉంది. ఇక్కడికి వచ్చిన మొదటి ఆదివారం సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి, "నా చేతులు ఇప్పుడు నావి కావు, దేవుడివి" అన్నాడు. సిస్టరమ్మ దాన్ని అక్కడి భాషలోకి మార్చి చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్ అతనికి ఎంతో తియ్యగా ఉండింది.

పనిలోకి దిగాక మొదటి వారమంతా నవ్వులే. లెక్చరరు గారు ఒకాయన ఇసుక తట్ట ఎత్తిన మొదటి పూటే మెడ పట్టేసి, నాలుగు రోజులు పక్కకే చూస్తూ నడిచాడు. కారు డ్రైవరొకడు నీళ్లు మొయ్యమంటే బకెట్టుకు గేరుంటే బాగుండుననేవాడు. అందరి అరచేతులూ బొబ్బలెక్కాయి. అయినా ఎవరూ వెనక్కి తగ్గలేదు.

వాళ్లకు తోడుగా ఆ ఊరి పనివాడు ఒకడు ఉండేవాడు. నలభై అయిదేళ్ల మనిషి, బక్కపలచన, మాట తక్కువ. ఏ పనైనా తొందరపడకుండా చేసేవాడు. కాంక్రీటు పోసేటప్పుడు జానెడు పొయ్యగానే చెయ్యి అడ్డం పెట్టి ఆపి, ఇనుప కడ్డీతో మూల మూలా పొడిచి, చుట్టూ బిగించిన బాక్సు చెక్కలను బయటినుంచి సుత్తితో తట్టి, అప్పుడు గాని తర్వాత తట్ట పొయ్యనిచ్చేవాడు కాదు. డ్రైవరు అతనికి నిదానం అని పేరు పెట్టాడు. అతను కూడా ఆ పేరుకు పలికేవాడు. తెలుగులో అతనికి వచ్చిన మాటలు రెండే, "టీ", "కానీ కానీ". రెండోది మేస్త్రి రోజుకు వందసార్లు అనడం విని నేర్చుకున్నది.

మొత్తం తొమ్మిది పిల్లర్లు. తొమ్మిదీ రెండు రోజుల్లో పోసేస్తామని పాస్టరు గారు వీడియోలో సంఘానికి చెప్పేశారు. చెప్పమన్నది మేస్త్రే. రెండో రోజు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. కలిపిన కాంక్రీటు మాలు బిగుసుకుపోవడం మొదలైంది. చివరికి మిగిలిన నడిమధ్య పిల్లరు, లెక్కలో అయిదోది, ఇంకా మోకాలెత్తు కూడా కాలేదు. నిదానం మామూలుగానే చెయ్యి అడ్డం పెట్టి కడ్డీ అందుకోబోయాడు. మేస్త్రి ఆ కడ్డీ లాగి అవతల పారేసి, "ఇలా అయితే వచ్చే ఏడాదికి అవుతుంది, తప్పుకో" అని అతన్ని పక్కకు నెట్టాడు. మిగిలిన మాలంతా ఒక్క ఊపున పై నుంచి కుమ్మరించాడు. చినుకులు పడేలోగా తొమ్మిదీ అయిపోయాయి. వీడియోకు చెయ్యి ఊపాడు.

మర్నాడు పొద్దున్నే బాక్సులు ఊడదీస్తే, అయిదో దానికి మోకాలెత్తున పెద్ద బోలు బయటపడింది. సిమెంటు చేరక కంకర ఉత్త కంకరగానే మిగిలిపోయింది. పిడికిలి పెడితే లోపలికి పోయి కడ్డీలు తగిలాయి. అప్పుడక్కడ ఉన్నది మేస్త్రీ, నిదానమూ ఇద్దరే. నిదానం సుత్తి తెచ్చి, కొట్టెయ్యాలని సైగ చేశాడు. మేస్త్రి చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. రెండు తాపీల గట్టి మాలు ఆ బోలులో కూరి, పైన నున్నగా మెత్తాడు. ఒక్క అంతస్తే కదా, నిలబడుతుందిలే అనుకున్నాడు. "కానీ కానీ" అన్నాడు నిదానంతో. నిదానం సుత్తి కింద పెట్టి వెళ్లిపోయాడు.

తర్వాత శ్లాబు పడింది, గోడలు లేచాయి, సున్నాలు వేశారు. ట్యాంకులు సరిగ్గా ఆ నడిమి పిల్లరు మీదికే వచ్చాయి. నాలుగు రోజుల కిందట గాలివానకు పాత షెడ్డు కప్పు లేచిపోతే, సిస్టరమ్మ ప్రతిష్ఠ దాకా ఆగకుండా ఏడుగురు గర్భిణులను కొత్త వార్డులోకి మార్పించింది. ఇన్నాళ్లలో నిదానం, తన భాష వచ్చిన సిస్టరమ్మ దగ్గర కూడా, ఒక్కసారి ఆ సంగతి ఎత్తలేదు. ఎప్పుడైనా మేస్త్రి ముఖంలోకి చూసేవాడు, అంతే. ఆ చూపు తగిలినప్పుడల్లా మేస్త్రి ఏదో పని గుర్తొచ్చినట్టు అటు తిరిగిపోయేవాడు.

ఇప్పుడా పిల్లరు ముందు కూర్చుని తలెత్తి కప్పు వైపు చూశాడు. పైన పది టన్నుల నీళ్లు. గీత మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. సన్నగా పొడి రాలింది.

"ఏంటి మేస్త్రీ, పిల్లరుకేమైనా జ్వరమా, నాడి చూస్తున్నావు?" అంది వెనక నుంచి సిస్టరమ్మ. అరవై దాటిన మనిషి. మోచేతుల దాకా సబ్బు నురగతో నిలబడి ఉంది.

"ఏం లేదమ్మా. ప్లాస్టరు ఆరింది కదా, చిన్న గీత."

"చిన్నదైతే సరే" అని ఆవిడ చేతులు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. మూలన తెర కట్టిన మంచం మీద ఒకామెకు తెల్లవారినప్పటి నుంచి నొప్పులు వస్తున్నాయి. ఆ మంచం పిల్లరుకు రెండు బారల దూరంలో ఉంది.

మేస్త్రి మందుల గదిలోంచి గాయాలకు అంటించే కాగితం పట్టీ ఒకటి తెచ్చి, గీతకు అడ్డంగా బిగుతుగా అంటించాడు. పిల్లరు కదలకపోతే పట్టీకి ఏమీ కాదు. గోడకు ఆనుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఒక మంచం మీది ఆవిడ అతన్ని చూసి నవ్వి, కడుపు మీద చెయ్యి వేసుకుని పక్కకు తిరిగి పడుకుంది. అవతల ఇద్దరు ఒకరి జడ ఒకరు అల్లుకుంటున్నారు. ఇరవై నిమిషాలకు పట్టీ ముడతపడింది. పిల్లరు నలుగుతోందన్నమాట. ఇంకో పది నిమిషాలకు మధ్యలో చిరిగింది.

బయటికి వెళ్లి బావను పక్కకు పిలిచాడు.

"బావా, ట్యాంకులు ఖాళీ చేద్దామా?"

"ఎందుకు? నింపి గంటన్నా కాలేదు."

"ఊరికే. మొదటిసారి కదా."

పాస్టరు గారు అతని ముఖంలోకి పరకాయించి చూశారు. ఆదివారం ప్రతిష్ఠ. మూడు దేశాల నుంచి పెద్దలు వస్తున్నారు. కుళాయి తిప్పితే నీళ్లు రావాలని ఆయన ఆరాటం. అయినా ఆయన తెలివితక్కువ మనిషి కాదు. "నీకేమన్నా అనుమానం ఉందా? ఉంటే చెప్పు."

మేస్త్రి మోచేత్తో నుదురు తుడుచుకున్నాడు. "అనుమానమేం లేదు."

"లేదంటే లేదా?"

"లేదు బావా."

"మరి ఎందుకలా చెమటలు పడుతున్నాయి? ఎండ కూడా లేదు."

"రాత్రి నిద్ర లేదు" అన్నాడు మేస్త్రి. మూడోసారి కూడా అబద్ధమే చెప్పాడు. చెబుతున్నప్పుడు తన గొంతు తనకే ఎవరిదో పరాయివాడిదిలా వినిపించింది. తిరిగి వార్డు వైపు నడిచాడు గాని గడప దాటలేకపోయాడు. లోపలి నుంచి నొప్పులు పడుతున్న ఆమె మూలుగు వినిపిస్తోంది. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే, వేదిక మీద అలవాటైన మాటలే వరసగా వచ్చాయి. అవి తనకే అసహ్యంగా తోచాయి.

అప్పుడే పై నుంచి పెద్ద చప్పుడుతో నీళ్లు దూకాయి. అందరూ తలెత్తి చూశారు. మేడ మీద నిదానం మోకాళ్ల మీద కూర్చుని, ట్యాంకు అడుగున ఉండే కడుగు గొట్టం మూత తిప్పేశాడు. అది తిప్పాక రెండోదాని దగ్గరికి వెళ్తున్నాడు. ఎవరినీ అడగలేదు. లావుపాటి ధార పెరట్లో పడి బురదను ఎగజిమ్ముతోంది.

"ఏయ్, ఏం చేస్తున్నాడు వీడు?" పాస్టరు గారు నిచ్చెన దగ్గరికి పరుగెత్తారు. "మూసెయ్యమనండి. ఎవరైనా పైకెక్కండి."

డ్రైవరు నిచ్చెన మీద కాలు పెట్టాడు. నిదానం పై నుంచి తొంగి చూశాడు. పాస్టరు గారి వైపు కాదు, డ్రైవరు వైపు కాదు. మేస్త్రి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నువ్వు చెప్తావా, నన్నే చెప్పమంటావా అని అడుగుతున్నట్టు ఉంది. కింద ఉన్నవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడానికి అతని దగ్గర భాష లేదు. ఆ భాష ఉన్నవాడు కింద నిలబడి నీళ్లు నములుతున్నాడు.

మేస్త్రి వెళ్లి డ్రైవరు భుజం పట్టి కిందికి దించాడు.

"వదిలెయ్యండి. అతను చేసిందే సరి. నేను చెయ్యాల్సిన పని అతను చేస్తున్నాడు."

"అంటే?" అన్నారు పాస్టరు గారు.

"అయిదో పిల్లరు లోపల బోలుగా ఉంది బావా. బాక్సు ఊడదీసిన రోజే చూశాను. పైన మెత్తి దాచాను. ఇప్పుడు నలుగుతోంది."

పాస్టరు గారి ముఖంలో రంగు పోయింది. ఆయన చెయ్యి ఎత్తారు, కొడతారేమో అనుకున్నాడు మేస్త్రి. కొట్టినా బాగుండేది. ఆయన ఆ చెయ్యి తన నోటికే అడ్డం పెట్టుకున్నారు.

సిస్టరమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆమె అంతా విన్నది. తిట్టలేదు. "ఎంతసేపు ఉంది?" అని అడిగింది.

"తెలీదమ్మా. నిమిషాలు కావచ్చు, నెలలు కావచ్చు."

"నెలల సంగతి తర్వాత. నిమిషాలే అనుకుని ఏం చెయ్యాలో చెప్పు."

"నీళ్లు పోవడానికి గంట పడుతుంది. ఈలోగా అందరినీ బయటికి తీసుకెళ్లాలి."

"ఆరుగురిని పంపించేస్తాను. ఏడో ఆమె కదలదు. బిడ్డ తల కనిపిస్తోంది. ఇప్పుడు లేపితే ఇద్దరికీ ముప్పే. నేనూ కదలను." ఒక్క క్షణం ఆగింది. "అరగంట. ఆ అరగంట నీ కప్పును నిలబెట్టి ఉంచు."

శ్లాబు పోసినప్పుడు కింద ఆనుగా నిలబెట్టిన ఇనుప జాకీలన్నీ మొన్ననే ఏటి అవతల బడి కట్టే చోటికి లారీలో వెళ్లిపోయాయి. మేస్త్రి చుట్టూ వెతికాడు. పెరట్లో ఆసుపత్రి దుప్పట్లు ఆరేసే తీగలకు పాతిన దుంగలు నాలుగు కనిపించాయి. అతను చెయ్యి చూపేసరికే నిదానం మేడ దిగి వచ్చి, మొదటి దుంగను రెండు చేతులతో ఊపుతున్నాడు. మిగతావాళ్లు కూడా పడ్డారు. తడి నేల కాబట్టి త్వరగానే ఊడి వచ్చాయి. దూలం కింది అంచు నుంచి నేల దాకా టేపు పట్టి కొలిచాడు. తొమ్మిదడుగుల నాలుగంగుళాలు. పైన కింద పలకలకు పోను ఎంతో లెక్కగట్టి, రంపంతో కోయించాడు. లెక్చరరు గారు రంపం పట్టి, ఒగరుస్తూ, ఒక్క మాట మాట్లాడకుండా కోశారు.

దుంగలు లోపలికి మోసుకెళ్లేటప్పటికి ఆరుగురూ బయటికి చేరారు, గీత వేలు దూరేటంత అయింది. అందరి కళ్ల ముందే ప్లాస్టరు పెచ్చు ఒకటి ఊడి నేల మీద పడింది. దాని వెనక, తన చేత్తో కూరిన మాలు పొడిపొడిగా జారింది. కడ్డీ ఒకటి విల్లులా కొంచెం బయటికి వంగి ఉంది. అది చూసి డ్రైవరు వెనక్కి అడుగు వేశాడు. "మీరంతా వెళ్లండి" అన్నాడు మేస్త్రి. "ఇద్దరం చాలు." నిదానం ఎలాగూ వెళ్లేవాడు కాదు. పలక నేల మీద పరిచి, దుంగ నిలబెట్టి కావలించుకున్నాడు.

తెర అవతల ఆమె అరుస్తోంది. సిస్టరమ్మ అక్కడి భాషలో ఏవో మెల్లగా చెబుతూనే ఉంది. ఆ గొంతులో తొట్రుపాటు లేదు. మేస్త్రి అటు వీపు పెట్టి, దుంగ కిందికి ఏటవాలుగా చెక్కిన చెక్క చీలలు రెండు ఎదురెదురుగా దోపి, సుత్తి ఎత్తాడు. బలంగా ఒక్కటి కొట్టాడు. దూలం అదిరి కప్పు నుంచి సున్నం రాలింది. నిదానం అతని మణికట్టు పట్టుకున్నాడు. సుత్తి తను తీసుకుని, ఇటు చీలను చిన్నగా ఒక దెబ్బ, అటు చీలను చిన్నగా ఒక దెబ్బ, మళ్లీ ఇటు. వేలితో గుమ్మడికాయను తట్టి చూసినట్టు. దుంగ కొద్దికొద్దిగా పైకి బిగుసుకుంది. సుత్తి తిరిగి మేస్త్రి చేతిలో పెట్టాడు.

రెండో దుంగ నిలబెట్టాలి. పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. తలుపులో అడుగుల చప్పుడైంది. పాస్టరు గారు లోపలికి వచ్చి, చేతిగడియారం తీసి జేబులో వేసుకున్నారు.

"మీరు బయట ప్రార్థన చెయ్యండి బావా."

"చేద్దామనే కూర్చున్నాను. మాట రావట్లేదు. దుంగ ఇటివ్వు."

ముగ్గురూ రెండోది బిగించారు. తర్వాత మూడోది. పైన ఇంకా నీళ్లు ధార కడుతూనే ఉన్నాయి. పిల్లరులోంచి అప్పుడప్పుడు ఎండిన కట్టె చిట్లినట్టు చిన్న శబ్దం వస్తోంది. అది వచ్చినప్పుడల్లా ముగ్గురూ ఊపిరి బిగబట్టి ఆగేవారు. ఏమీ కాకపోతే మళ్లీ చీల మీద సుత్తి. నేల మీద బోర్లా పడుకుని, చెంప గచ్చుకు ఆనించి, కంటి ముందు రెండంగుళాల చెక్కముక్క తప్ప ప్రపంచంలో ఇంకేదీ లేనట్టు తడుతున్నాడు మేస్త్రి. తన పెదాలు కదులుతున్నాయని అతనికి కాసేపటికి గాని తెలియలేదు. "నేనే చేశాను. నేనే చేశాను." దెబ్బకోసారి అదే మాట. ఎవరికి చెబుతున్నాడో ఆలోచించలేదు. తన వెనక ఎవరు విన్నా వినకపోయినా, చెప్పాల్సినవాడికి అది చేరుతోందని మాత్రం ఎలాగో తెలిసింది. అంత భయంలోనూ, ఇన్నేళ్లలో మొదటిసారి, తను ఒంటరిగా లేనని అనిపించింది.

నాలుగో దుంగ అన్నిటికంటే పొట్టిదైంది. కోతలో అర అంగుళం తప్పారు. పాస్టరు గారు భుజం కింద పెట్టి దాన్ని ఎత్తి పట్టుకున్నారు, నిదానం ఇంకో పలక ముక్క పైన దూర్చాడు. తెర అవతల అరుపు ఒక్కసారిగా ఆగిపోయింది. మేస్త్రి చీల మీద చివరి దెబ్బ వేసి దుంగను వేళ్లతో తట్టాడు. బరువు ఎక్కిన కర్ర ఖంగుమంది. నాలుగూ తట్టి చూశాడు. నాలుగూ బరువెత్తుకున్నాయి.

అప్పుడు ఏడుపు వినిపించింది. సన్నగా మొదలై, కోపంగా పెరిగింది.

"ఆడపిల్ల" అంది సిస్టరమ్మ తెర అవతల నుంచి. "ఇప్పుడు రండి. పరుపుతో సహా ఎత్తాలి. తల్లి ముఖం తప్ప ఇంకెటూ చూడకండి, కుదుపు తగలనివ్వకండి."

పరుపు నాలుగు మూలలూ నలుగురు పట్టుకుని, పిల్లరు పక్క నుంచే, ఒక్కో అడుగూ లెక్కపెట్టుకున్నట్టు నడిచి బయటికి వచ్చారు. చెట్టు నీడలో పరుపు దించాక మేస్త్రి బురదలోనే కూలబడ్డాడు. కట్టడం మాత్రం నిలబడే ఉంది. సాయంత్రం దాకా అందరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. ట్యాంకులు ఎండిపోయాయి, గీత అక్కడితో ఆగింది.

చీకటి పడకముందే పాస్టరు గారు వచ్చి అతని పక్కన కూర్చున్నారు. "మూడుసార్లు అడిగాను నిన్ను" అన్నారు.

"అడిగారు."

"ఆ ఏడుగురిలో ఎవరికైనా ఏమైనా అయ్యుంటే?"

మేస్త్రి చేతులకు ఎండిన బురద గీక్కుంటూ ఉండిపోయాడు.

ఆయనే మళ్లీ అన్నారు. "రెండు రోజుల్లో తొమ్మిది అని వీడియోలో గొప్పగా చెప్పింది నేను. నువ్వు కాసేపు ఆగుదామంటే ఒప్పుకునేవాణ్నో కాదో నాకే తెలీదు. నీ తప్పు తగ్గించడానికి కాదు ఇలా అంటున్నది. నా తప్పు కూడా ఉందని."

ఆదివారం ప్రతిష్ఠ జరగలేదు. వచ్చిన పెద్దలను పెరట్లో పట్టా కింద కూర్చోబెట్టారు. పాటలయ్యాక మేస్త్రి లేచాడు. మొదటి ఆదివారం తన చేతుల గురించి తను అన్న మాట అబద్ధమనీ, పని చెడగొట్టినవి ఈ చేతులే అనీ, దాచినవీ ఇవేననీ చెప్పాడు. నిదానాన్ని చూపించి, "ఇతను చెప్పాడు, నేను వినలేదు" అన్నాడు. సిస్టరమ్మ ఒక్క ముక్క వదలకుండా అక్కడి భాషలో చెప్పింది. ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు. పెద్దల్లో ఒకాయన లేచి బయటికి వెళ్లిపోయాడు. ఇంకొకాయన, మిగతా ఎనిమిదింటినైనా ఎలా నమ్మమంటావని అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. "నమ్మకండి. ఒక్కోటీ పరీక్ష చేయించండి. నేనుండి సరిచేసే వెళ్తాను" అన్నాడు మేస్త్రి.

అనుకున్న రోజుకు మిగతావాళ్లంతా విమానం ఎక్కారు. వెళ్లేముందు పాస్టరు గారు బావమరిదిని దగ్గరికి తీసుకుని ఏమీ అనకుండా వీపు తట్టారు. అక్క ఫోన్లో ఏడ్చింది. "ఊళ్లో ఏమేమో అనుకుంటున్నార్రా" అంది. "అనుకోనీ అక్కా. జరిగిందే కదా" అన్నాడు.

పరీక్షకు వచ్చిన ఇంజినీరు రోజంతా కట్టడం తిరిగి, ఏది ఎలా కొట్టాలో, ఎక్కడ కొత్త కడ్డీలు కట్టాలో కాగితం మీద గీసి ఇచ్చాడు. ఆయన వచ్చేలోగా మేస్త్రే సుత్తి పట్టుకుని పిల్లర్లన్నీ అడుగడుగునా తట్టి చూశాడు. గట్టి కాంక్రీటు కణకణమంటుంది. ఎనిమిదో దాని దగ్గర ఒకచోట చప్పుడు డొల్లగా వచ్చింది. మళ్లీ తట్టాడు. అదే చప్పుడు. దీని సంగతి ఎవరికీ తెలియదు, ఇన్నాళ్లూ తనకూ తెలియదు. ఇంజినీరు పట్టుకోకపోవచ్చు కూడా. సుద్దముక్క తీసి దాని మీద పెద్ద గుర్తు గీశాడు. గీశాక చెయ్యి ఆశ్చర్యంగా తేలికైంది.

తర్వాతి మూడు వారాలూ ఒళ్లు హూనమయ్యే పని. జాకీలు వెనక్కి తెప్పించి దూలాల కింద వరసగా బిగించారు. అయిదో పిల్లరును ఉలితో, సుత్తితో, చిట్టి చిట్టి పెచ్చులుగా కొట్టాలి. మరీ గట్టిగా కొడితే కడ్డీల పట్టు వదులుతుంది. మేస్త్రి ఒక పక్క, నిదానం ఒక పక్క. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి మోచెయ్యి పైకి లేచేది కాదు. ముక్కుల్లో, కళ్లలో, అన్నంలో సిమెంటు పొడి. సిస్టరమ్మ రోజూ సాయంత్రం ఇద్దరి అరచేతులకూ మందు రాసేది.

ఒకరోజు మందు రాస్తూ అడిగింది. "పనిచేస్తూ నీలో నువ్వు ఏదో గొణుక్కుంటావట. ప్రార్థనేనా?"

"ఏమోనమ్మా. అంతకుముందు ప్రార్థన చేస్తుంటే ఎవరెవరు వింటున్నారా అని ఒక చెవి అటే ఉండేది. ఇప్పుడు ఆ మాటలన్నీ పోయాయి. ఉలి పెట్టే చోట పెడుతున్నానా లేదా అని అడుగుతుంటాను. అంతే."

"సమాధానం వస్తుందా?"

"తప్పుగా పెడితే తెలుస్తోంది."

ఆవిడ నవ్వి, రెండో చెయ్యి చాపమంది.

కొత్త కాంక్రీటు పోసే రోజు మేస్త్రి తట్ట పట్టుకుని నిదానం ముందు నిలబడ్డాడు. నిదానం కాసేపు అర్థం కానట్టు చూసి, కడ్డీ అందుకున్నాడు. జానెడు పోశారు. కడ్డీతో పొడిచారు, బాక్సు తట్టారు, సిమెంటు పాలు అంచుకు వచ్చేదాకా ఆగారు. మళ్లీ జానెడు. మబ్బు కమ్మింది. మేస్త్రి ఆకాశం వైపు చూశాడు గాని ఏమీ అనలేదు, పట్టా తెచ్చి పైన కట్టి మళ్లీ తట్ట అందుకున్నాడు. ఒక్క పిల్లరుకు పూట మొత్తం పట్టింది.

నాలుగో రోజున బాక్సు ఊడదీశారు. మొదటి చెక్క వదులవుతున్నప్పుడు మేస్త్రి చూపు మోకాలెత్తు చోటు మీదే ఉంది. చెక్క పక్కకు తీశారు. అడుగు నుంచి పై దాకా బూడిద రంగులో నున్నగా, అక్కడక్కడ ఆవగింజంత గుంటలతో నిలబడి ఉంది పిల్లరు. నిదానం సుత్తి తీసుకుని నాలుగు పక్కలా, కింది నుంచి మీదికి తట్టుకుంటూ వెళ్లాడు. అన్ని చోట్లా కణకణమంది. అతను మేస్త్రి వైపు తిరిగి తలూపాడు.

సంతోషంతో ఎగిరి గంతేస్తానని అనుకున్నాడు మేస్త్రి. అలాంటిదేమీ కలగలేదు. చాలా రోజులు జ్వరపడి లేచినవాడికి ఆకలి వేసినట్టు ఒక మామూలు నెమ్మది కలిగింది. తడి గోనెపట్టాలు తెచ్చి పిల్లరుకు చుట్టి, వాటి మీద చెంబుతో నీళ్లు పోశాడు. తర్వాత ఇద్దరూ మిగిలిన జాకీలు మోసుకుని, సుద్దగుర్తున్న ఎనిమిదో దాని దగ్గరికి వెళ్లారు.